చిలకాకుపచ్చ మీద నలుపు

రాజోలు బస్టాండు దాటి కాలవగట్టు రోడ్డులోకి తిరిగితే, మందుల కొట్టుకీ సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్టుకీ మధ్య ఇరుక్కుని ఒక కుట్టు దుకాణం ఉంటుంది. దానికి బోర్డు లేదు, ఆ అవసరమూ లేదు. “కువైట్ చిన్నమ్మలు కొట్టెక్కడండీ?” అంటే ఎవరైనా చెయ్యెత్తి చూపిస్తారు. చిన్నమ్మలు పుట్టిందీ మెట్టిందీ ఓడలరేవులోనే. ఆమెకు ఇరవై ఏడో ఏడు నడుస్తుండగా మొగుడు కుమారస్వామి సముద్రం మీదికి వేటకెళ్ళి తిరిగి రాలేదు. ఆ తర్వాత ఆమె కువైట్ వెళ్ళి, ఒకే ఇంట్లో పదకొండేళ్ళు పనిచేసి, తిరిగొచ్చి రాజోల్లో మిషను పెట్టుకుంది. అది జరిగి ఆరేళ్ళు దాటింది. ఇప్పుడామెకు నలభై ఆరు.

జాకెట్లు అందరూ కుడతారు. చిన్నమ్మలు పేరు మోసింది బురఖాలకి. కువైట్లో ఆ ఇంటివాళ్ళ బట్టలు కుట్టడానికి శ్రీలంక నుంచి వచ్చిన ఒకావిడ ఉండేది. అంట్లు తోమడం, ఇల్లు తుడవడం అయ్యాక ఆవిడ పక్కన చేరి చిన్నమ్మలు అబాయాలనే ఆ పొడుగు బురఖాల కత్తిరింపు నేర్చుకుంది. భుజాల దగ్గర బిగుతు లేకుండా, కింద అడుగు తట్టుకోకుండా ఆమె కుట్టినట్టు ఈ చుట్టుపక్కల ఎవరూ కుట్టలేరు. తాటిపాక నుంచి, మలికిపురం నుంచి, ఆఖరికి అమలాపురం నుంచి కూడా ముస్లిం ఆడవాళ్ళు గుడ్డలు పట్టుకుని ఆమె దగ్గరికే వస్తారు.

అక్కడితో ఊరుకుంటే చిన్నమ్మలు ఎందుకవుతుంది! కుట్టడంతో పాటు చెప్పడం కూడా తన పనే అనుకుంది. ఒకసారి తాటిపాక పెళ్ళికొడుకు ఒకడు పెళ్ళి షేర్వానీకని మెరిసిపోయే పట్టుగుడ్డ తెచ్చాడు. “మగాళ్ళు పట్టు కట్టకూడదయ్యా, మీ మతంలో లేదు. బంగారం ఉంగరం కూడా పెట్టకూడదు. ఆడవాళ్ళకైతే రెండూ ఫర్లేదు,” అని చిన్నమ్మలు ఆ గుడ్డ తిప్పి పంపేసింది. అతని తండ్రి వెళ్ళి మసీదులో అడిగితే ఇమాముగారు నిజమేనన్నారట. ఆ పెద్దాయన మర్నాడు పనిగట్టుకుని వచ్చి, నలుగురూ వింటుండగా “మా మతం మాకు గుర్తుచేసేవమ్మా” అని మెచ్చుకుని వెళ్ళాడు. ఆ మెప్పు చిన్నమ్మలుకి తలకెక్కింది. అప్పటినుంచీ ఎవరేమడిగినా అడక్కపోయినా చెప్పడమే. గుడ్డ పల్చగా ఉండకూడదండీ, ఒంటికి అతుక్కోకూడదండీ, చేతులు మణికట్టు దాకా ఉండాలండీ. అంతవరకూ సరైన మాటలే. ఆ చివర “ఆడవాళ్ళకి రంగు మటుకు నలుపేనండీ” అని ఒక ముక్క తగిలించేది. అది ఆమె సొంత కల్పన.

ఆమె సొంత బట్టల సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. పందొమ్మిదేళ్ళుగా చిన్నమ్మలు కట్టేవి రెండే రంగులు, బూడిద రంగూ మట్టి రంగూ. బొట్టు లేదు, పువ్వు లేదు. ఓడలరేవులో ఆమె ఈడు ఆడవాళ్ళు, మొగుళ్ళు పోయినవాళ్ళే, శుభ్రంగా గులాబిరంగు చీరలు కట్టుకుని పెళ్ళిళ్ళకి తిరుగుతున్నారు. ఈ రోజుల్లో వాళ్ళనెవరూ ఏమీ అనడం లేదు. చిన్నమ్మల్ని మాత్రం “నిప్పులాంటి మనిషండీ” అంటారు. ఆ మాట చెవిన పడినప్పుడల్లా ఆమె మెడ అంగుళం పైకి లేచేది.

దసరా సెలవుల్లో ఒక మంగళవారం పొద్దున్న షమీమ్ కొట్టుకి వచ్చింది. షమీమ్‌కి ముప్ఫై లోపు. బీఈడీ చదువుకుంది. ఐదేళ్ళ కిందట ఆ పిల్ల పెళ్ళి బట్టలు కుట్టింది చిన్నమ్మలే. మొగుడు సుభానీ కొబ్బరికాయల వ్యాను నడిపేవాడు. మొన్న జూన్ మొదట్లో పి.గన్నవరంలో వ్యాను ఆపి టీ తాగుతూ, గుండె పట్టుకుని అక్కడే కూలిపోయాడు. శవం ఇంటికొచ్చిన రోజున చిన్నమ్మలు కొట్టు మూసేసి వాళ్ళ గుమ్మంలో రెండు రోజులు నిలబడింది. పిల్లల్లేరు. అత్తా కోడలూ ఇద్దరే మిగిలారు. ఆనాటి నుంచి షమీమ్ గడప దాటడం ఎవరూ చూడలేదు.

“పిన్నిగారండీ, బాగున్నారా?” అంటూ షమీమ్ సంచిలోంచి గుడ్డ తీసి బల్ల మీద పరిచింది. “దీనికి అబాయా, తలగుడ్డ కావాలండి. సోమవారం మలికిపురంలో స్కూల్లో చేరుతున్నానండి, లెక్కల టీచరుగా. మా అత్తమ్మ ఈ గుడ్డ…”

మిగతా మాట చిన్నమ్మలు వినలేదు. ఆమె కళ్ళు గుడ్డ మీదే ఉన్నాయి. మంచి నూలు గుడ్డ, నిండు చిలకాకుపచ్చ. పొద్దుటి ఎండ పడి ఆ పచ్చదనం గోడల మీదికి కూడా పాకింది. తలెత్తి చూస్తే షమీమ్ మొహంలో చిన్న నవ్వుంది. దాచుకోవాలని చూస్తోంది గానీ దాగడం లేదు. ఆ నవ్వు చూడగానే చిన్నమ్మలుకి లోపల ఏదో గుచ్చుకుంది. అదేమిటో ఆమె తనకి తాను చెప్పుకోలేదు. ఆమే చెప్పుకోని సంగతి మనం ముందుగా చెప్పడం బాగుండదు, కాసేపు ఆగుదాం.

“ఎన్నాళ్ళయిందమ్మా, సుభానీ పోయి?” అంది.

“నాలుగు నెలల పన్నెండు రోజులండి,” అంది షమీమ్ వెంటనే.

చిన్నమ్మలు టేపు తీసి భుజం, చెయ్యి, పొడుగు కొలిచింది. చెవి మీద పెట్టుకున్న పెన్సిలు తీసి కాగితం మీద అంకెలు వేసింది. “శనివారం సాయంత్రం రా,” అని మాత్రం అంది.

మర్నాడు ఆమె గుడ్డని కత్తెర కిందికి తేలేదు. సంచిలో పెట్టుకుని అమలాపురం బస్సెక్కింది. అక్కడ చీరలకి రంగులు వేసే బంగారరాజు గుడ్డ విప్పి, వెలుగులోకి పట్టుకుని చూశాడు.

“ఇంత మంచి రంగు మీద నలుపెందుకండీ? ఎవరికండీ ఇది?”

“మొగుడు పోయిన పిల్లకి. వాళ్ళ మతంలో అంతే. నలుపే కట్టాలి.”

“ఆ పిల్లే వెయ్యించమందాండీ?”

“చిన్నపిల్ల, దానికేం తెలుస్తుంది? పెద్దవాళ్ళం మనమే చూసుకోవాలి. వేసెయ్యి.”

బంగారరాజు మరుగుతున్న గంగాళంలోకి గుడ్డ దింపి కర్రతో తిప్పాడు. పచ్చరంగు కాసేపు పైకి తేలి, తర్వాత మునిగిపోయింది. చిన్నమ్మలు కదలకుండా నిలబడి అంతా చూసింది. నిన్నటి నుంచీ లోపల గుచ్చుకుంటున్నది అప్పుడు కాస్త ఆగినట్టయింది.

శనివారం సాయంత్రం షమీమ్ వచ్చేసరికి కొట్లో ముగ్గురు ఆడవాళ్ళున్నారు. మండలాఫీసులో పనిచేసే హేమ గారు, ఆవిడతో పాటు వచ్చిన ఇద్దరు ఇరుగుపొరుగువాళ్ళు. హేమ గారి చెవిలో పడ్డ మాట మర్నాటికి రాజోలంతా తిరుగుతుందని అందరికీ తెలుసు. చిన్నమ్మలుకి మరీ బాగా తెలుసు.

షమీమ్ పొట్లం విప్పింది. నల్లటి అబాయా, నల్లటి తలగుడ్డ. ఒకసారి తిరగేసి చూసి, “పిన్నిగారండీ, ఇది నాది కాదేమోనండి,” అంది.

“నీదేనమ్మా. అమలాపురం పట్టుకెళ్ళి నేనే నలుపు వేయించేను.”

షమీమ్‌కి అర్థం కాలేదు. ఆమెకి అర్థమయ్యేలా చెప్పడానికి చిన్నమ్మలు మిషను దగ్గర్నుంచి లేచి నిలబడింది. “మొగుడు కళ్ళు మూసి ఐదు నెలలు నిండలేదు. చిలకాకుపచ్చ తొడుక్కుని బస్సెక్కుతావా తల్లీ? చూసినవాళ్ళు ఏమనుకుంటారు? మీ అత్తగారి మొహం చూడక్కర్లేదా? మీ మతంలో ఏముందో నువ్వు మర్చిపోయినా నేను మర్చిపోలేదమ్మా. కువైట్లో పదకొండేళ్ళు కళ్ళారా చూసేను. నా సంగతి చూడు. పందొమ్మిదేళ్ళైంది, ఒక్కరోజు రంగు కట్టేనా?”

“ఇద్దత్ అయిపోయిందండి పిన్నిగారూ…” అని షమీమ్ ఏదో చెప్పబోయింది. గొంతు చాలా చిన్నగా వచ్చింది.

“పోనీలెండి చిన్నమ్మలు గారూ, ఈ కాలం పిల్లలు. తెలీక తెచ్చుకుంది,” అన్నారు హేమ గారు జాలిగా. పక్కనున్న ఇద్దరూ షమీమ్‌ని పైనుంచి కిందికి చూశారు.

షమీమ్ చెవులు ఎర్రబడ్డాయి. నల్లబట్టని మడతపెట్టి, మళ్ళీ మడతపెట్టి, సంచిలో కుక్కింది. “ఆయ్, అలాగేనండి,” అని తల దించుకుని మెట్లు దిగి వెళ్ళిపోయింది. ఎవరి మీదా కోప్పడలేదు. కొట్లోంచి బయటపడితే చాలన్నట్టు నడిచింది.

“మీలాంటి పెద్దదిక్కు ఊరికొకరు ఉండాలండీ,” అన్నారు హేమ గారు. ఆ సాయంత్రం చిన్నమ్మలు మెడ అంగుళం కాదు, రెండంగుళాలు లేచింది.

సోమవారం ఎనిమిదింటి బస్సు వేళకి చిన్నమ్మలు పని ఆపి రోడ్డు వైపు చూసింది. షమీమ్ కనిపించలేదు. మంగళవారమూ కనిపించలేదు. బుధవారం మధ్యాహ్నం, కొట్లో ఎవరూ లేని వేళ, షమీమ్ అత్తగారు జైబున్నీసా వచ్చింది. అరవై దాటిన మనిషి, మోకాళ్ళ నొప్పులతో మెట్టు మెట్టుకీ ఆగి ఎక్కింది. ఆవిడ ఎవరింటికీ వెళ్ళదు. అలాంటి మనిషి ఎండలో నడిచి రావడం చూసి చిన్నమ్మలు మిషను ఆపి లేచింది.

“మంచినీళ్ళియ్యి చిన్నమ్మలూ,” అంది జైబున్నీసా. గ్లాసు ఖాళీ చేసి పక్కన పెట్టింది. “ఆ గుడ్డ తీసింది నేనమ్మా.”

“ఏ గుడ్డ అక్కగారూ?”

“నువ్వు నల్లగా ఉడకబెట్టిన గుడ్డ. అమలాపురంలో నాలుగు కొట్లు ఎక్కి దిగి తీసేను. ఏదో లేత రంగు చాలు అత్తమ్మా అంది పిల్ల. నేనే పట్టుబట్టేను. నాలుగు నెలలు గోడలు చూస్తూ కూర్చుంది, కళ్ళకి కాస్త పచ్చగా కనపడనీ అన్నాను.”

కోడలు దొంగచాటుగా తెచ్చుకున్న గుడ్డ అని చిన్నమ్మలు ఎంతో తేలిగ్గా అనుకుంది. అత్తగారు తెచ్చి ఉంటుందన్న ఊహే ఆమెకి తట్టలేదు. ఆ పిల్ల చెప్పబోతే వినలేదు కూడా.

“మాకు లెక్కుందమ్మా,” జైబున్నీసా నెమ్మదిగా చెప్పింది. పిల్లలకి పాఠం చెప్పినట్టు చెప్పింది, కోపంగా చెప్పలేదు. “మొగుడు పోతే నాలుగు నెలల పది రోజులు. ఇద్దత్ అంటాం. అన్నాళ్ళూ మెరిసే రంగులు కట్టదు, కాటుక పెట్టదు, అత్తరు పూయదు, గోరింటాకు పెట్టదు. ఇల్లు కదలదు. లెక్క నిండిందా, అన్నీ మళ్ళీ ఉంటాయి. కావాలంటే మళ్ళీ నిఖా కూడా చేసుకోవచ్చు, తప్పు లేదు. ఆడదానికి నలుపే కట్టాలని ఎక్కడా లేదు చిన్నమ్మలూ. ఒళ్ళు కనపడకూడదు, బిగుతుగా ఉండకూడదు. నలుగురిలో గొప్పకి పోయి కట్టకూడదు. రంగు ఏదైనా ఫర్లేదు.”

‘గొప్పకి పోయి’ అన్న మాట దగ్గర చిన్నమ్మలు చూపు తన బూడిదరంగు కొంగు మీద పడింది. వెంటనే తిప్పుకుంది.

“సోమవారం పిల్ల స్కూలుకి వెళ్ళలేదు. ‘అందరూ నన్నే చూస్తారు అత్తమ్మా, నేనే తొందరపడ్డానేమో’ అంటోంది. నువ్వు కుట్టిన ఆ నలుపే తొడుక్కుని ఇంట్లో మూల కూర్చుంటోంది. స్కూలు వాళ్ళు వచ్చే సోమవారం దాకా చూస్తామన్నారు. ఆ తర్వాత వేరేవాళ్ళని పెట్టుకుంటారు.” జైబున్నీసా ఆగి ఊపిరి తీసుకుంది. “నాలుగు నెలల పది రోజులు అల్లా పెట్టాడు. ఆ పైన నువ్వు పెట్టేవు.”

చిన్నమ్మలు బల్ల అంచు పట్టుకుంది.

అది చూసి ముసలావిడ మెత్తబడింది. “నువ్వు తెలియక చేసేవమ్మా, నాకు తెలుసు. నా కొడుకు పోయిన రోజున మా గుమ్మంలో నిలబడ్డ మనిషివి. నీ మనసులో చెడ్డ ఉంటుందా? ఒక్కసారి ఇంటికొచ్చి, నాకు తెలియలేదు తల్లీ అని పిల్లతో చెప్పు. నీ నోటితో చెబితే వింటుంది.”

“ఆయ్… అలాగే అక్కగారూ. తెలియలేదు నాకు,” అంది చిన్నమ్మలు.

ఆ మాట అబద్ధం.

జైబున్నీసా వెళ్ళాక చిన్నమ్మలు మిషను ముందు కూర్చుంది గానీ కాలు ఆడలేదు. ఇందాక ఆగుదామన్న సంగతి ఇప్పుడు చెప్పుకోవాలి. కువైట్లో ఆమె పనిచేసిన ఇంటి యజమానురాలికి ఒక చెల్లెలుండేది. ఆవిడ మొగుడు పోతే ఇద్దత్ అంతా ఆ ఇంట్లోనే గడిపింది. ఆ నాలుగు నెలలూ ఆవిడ గదిలోకి భోజనం పట్టుకెళ్ళింది చిన్నమ్మలే. లెక్క నిండిన మర్నాడు ఆ ఇంట్లో ఆడవాళ్ళంతా చేరి ఆవిడ చేతులకి గోరింటాకు పెట్టారు. ఊదారంగు గౌను కొత్తది కుట్టించి తొడిగారు. ఆ గౌనుకి అంచు కుట్టిందీ, ఇస్త్రీ చేసిందీ చిన్నమ్మలే. ఇదేమిటని అడిగితే శ్రీలంక ఆవిడ వేళ్ళు మడిచి లెక్క చెప్పింది, నాలుగు నెలలు, పైన పది రోజులు. షమీమ్ “నాలుగు నెలల పన్నెండు రోజులండి” అన్నప్పుడు ఆ లెక్క చిన్నమ్మలు బుర్రలో మెరుపులా తిరిగింది. తెలిసే ఊరుకుంది. నలుపే కట్టాలన్న ముక్క కూడా అబద్ధమని ఆమెకు తెలుసు.

మరి ఎందుకు చేసింది? కళ్ళు కుట్టాయి, అంతే. అంతకన్నా మంచి కారణం ఎంత వెతికినా దొరకలేదు. ఓడలరేవులో కుమారస్వామి పోయిన పదకొండో రోజున ఆడపడుచు గంగాదేవి వచ్చి ట్రంకుపెట్టె తెరిచి, నారింజరంగు చీర, నెమలికంఠం రంగు చీర, పెళ్ళి చీర, అన్నీ మూట కట్టుకుని పట్టుకుపోయింది. “ఇక నీకివెందుకులే వదినా,” అంది. ఎన్నాళ్ళు అని చిన్నమ్మలు అడగలేదు. ఇన్నాళ్ళు చాలు అని ఎవరూ వచ్చి చెప్పలేదు. ఆ గంగాదేవికే మొగుడు పోయాడు నాలుగేళ్ళ కిందట. ఇప్పుడు ఎర్రంచు చీర కట్టుకుని బస్సుల్లో తిరుగుతోంది. చిన్నమ్మల్ని మాత్రం అందరూ నిప్పు అన్నారు. ఆ పేరు పోతుందేమోనని భయపడి ఆమె నిప్పుగానే ఉండిపోయింది. అటువంటి మనిషి ముందు ఆ పిల్ల చిలకాకుపచ్చ పరిచి నవ్వింది.

సిగ్గుతో ఆమె ఒళ్ళంతా కాలిపోయింది. మిషను మీద ఉన్న జాకెట్టుకి కుడిచెయ్యి తిరగేసి కుట్టింది. విప్పి మళ్ళీ తిరగేసే కుట్టింది. తెలియక చేసినదానికి క్షమాపణ చెప్పడం ఎంతసేపు? జైబున్నీసా ఆ దారి తనే తెరిచి పెట్టింది. ఆ దారిన వెళ్ళిపోతే పేరు నిలుస్తుంది, పిల్లా బయటికి వస్తుంది, అందరికీ బాగుంటుంది. రెండు రోజులు చిన్నమ్మలు ఆ వాక్యాన్నే వల్లె వేసుకుంది. నాకు తెలియలేదు తల్లీ. నాకు తెలియలేదు తల్లీ.

శుక్రవారం మధ్యాహ్నం నమాజు అయ్యాక వాళ్ళింటికి వెళ్ళింది. షమీమ్ చాప మీద కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. ఒంటి మీద ఆ నల్లబట్టే ఉంది. ఇంట్లో అత్తగారు తప్ప ఎవరూ లేరు, అయినా అదే. నాలుగు చోట్ల రంగు సరిగా పట్టక, మోచేతుల దగ్గర ఆకుపచ్చ చారలు కొంచెం కనబడుతున్నాయి.

“రండి పిన్నిగారూ, కూర్చోండి,” అని షమీమ్ లేచి కుర్చీ వేసింది. వద్దంటున్నా వినకుండా లోపలికెళ్ళి టీ పెట్టి తెచ్చింది. వెనకే జైబున్నీసా వచ్చి గుమ్మం పక్కన కూర్చుని, చెప్పు అన్నట్టు తలూపింది.

“ఆరోజు నలుగురిలో నిన్ను అలా అన్నందుకు…” చిన్నమ్మలు మొదలుపెట్టింది.

“ఫర్లేదండి పిన్నిగారూ. మీరు మంచికే చెప్పేరు,” అంది షమీమ్. మళ్ళీ చాప మీద కూర్చుని చేటలోంచి ఒక రాయి ఏరింది. “నిజం చెప్పాలంటే మీరన్నదే సరైందేమోనండి. ఆ గుడ్డ చూసినప్పుడు నాకు సంతోషమేసింది. స్కూలు, బస్సు, పిల్లలు… అన్నీ తలుచుకుని సంతోషమేసింది. ఆయన పోయి ఇన్నాళ్ళేగా, నాకు సంతోషమెలా వేసిందా అని సిగ్గుగా ఉందండి. మీరు నా మొహంలో అదే చూసేరేమోనండి. అందుకే అలా అన్నారు.”

చిన్నమ్మలు వల్లె వేసుకొచ్చిన వాక్యం నోట్లోనే ఉండిపోయింది. ఇప్పుడు తెలియలేదు అంటే, ఈ పిల్ల ఈ సిగ్గుని బతికినంత కాలం మోస్తుంది. ఒక మనిషి తన మొహంలో పాపం చూసిందనే అనుకుంటూ ఉంటుంది.

“చూసేనమ్మా,” అంది. “నీ మొహంలో సంతోషం చూసేను. చూసి ఓర్వలేకపోయేను. అంతకుమించి ఏమీ లేదు. ఇద్దత్ లెక్క నాకు తెలుసు. కువైట్లో నేను పనిచేసిన ఇంటావిడ చెల్లెలికి లెక్క నిండిన మర్నాడు రంగు గౌను నేనే ఇస్త్రీ చేసిచ్చేను. నలుపు కట్టాలని లేదనీ తెలుసు. మీ అత్తగారు తెలియక చేసేవంటే, ఆయ్ అన్నాను. అదీ అబద్ధమే.”

జైబున్నీసా చేతిలో తిరుగుతున్న తస్బీహ్ జపమాల పూసలు ఆగిపోయాయి.

“మీకు తెలుసాండీ?” అంది షమీమ్.

“తెలుసు.”

“నాలుగు నెలల పన్నెండు రోజులని నేను చెప్పినప్పుడూ?”

“అప్పుడూ తెలుసు.”

షమీమ్ ఆమె కళ్ళలోకి సూటిగా చూసింది. ఈ ఇంట్లో అడుగుపెట్టాక చిన్నమ్మలుకి ఆ చూపు ఎదురవడం అదే మొదలు. అంత కోపం ఆ మెత్తటి పిల్లలో ఉంటుందని ఆమె అనుకోలేదు. తల దించేసుకుంది.

“అయితే నా తప్పేమీ లేదు,” అంది షమీమ్. అది ప్రశ్న కాదు.

“ఇసుమంత లేదు తల్లీ. తప్పంతా నాది.”

షమీమ్ బియ్యం చేట పక్కకి జరిపి లేచింది. తలగుడ్డ పిన్ను తీసి, ఆ నల్లగుడ్డ తల మీంచి లాగి చాప మీద పడేసింది. “ఇక మీరు మా ఇంటికి రావద్దండి,” అంది. తర్వాత చిన్నమ్మలు ముందున్న కప్పు వైపు చూసి, “టీ తాగి వెళ్ళండి,” అని లోపలి గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది.

చిన్నమ్మలు జైబున్నీసా వైపు చూసింది. ముసలావిడ కసరలేదు, ఉండమనలేదు. చిన్నమ్మలు ఆ టీ మొత్తం తాగింది. కప్పు కడిగి పెడదామని లేస్తే, “అక్కడే ఉంచు,” అంది జైబున్నీసా.

సోమవారం పొద్దున్న ఎనిమిదికి పది నిమిషాలు తక్కువ. హేమ గారు ఆది జాకెట్టూ కొత్త గుడ్డా పట్టుకుని కొట్లోకి వచ్చారు. ఆఫీసుకి వెళ్తూ ఇచ్చి పోదామని, వెంట ఆ ఇరుగుపొరుగువాళ్ళిద్దరూ ఉన్నారు. కొలతలు చెబుతూ చెబుతూ హేమ గారు రోడ్డు వైపు చూసి ఆగిపోయారు.

షమీమ్ బస్టాండుకి నడిచి వెళ్తోంది. నిమ్మపండు రంగు అబాయా, అదే రంగు తలగుడ్డ, భుజానికి సంచి. చిన్నమ్మలు కుట్టింది కాదు, ఎక్కడో కుట్టి అమ్మేది కొనుక్కున్నారు. భుజాల దగ్గర కొంచెం వదులుగా ఉంది. కొట్టు ముందు నుంచి వెళ్ళినా తల తిప్పలేదు.

“చూసేరాండీ! మీరంత చెప్పినా వినలేదు, ఏకంగా పసుపు వేసేసింది,” అన్నారు హేమ గారు బుగ్గ నొక్కుకుని. “మళ్ళీ మీరే గట్టిగా చెప్పాలండీ చిన్నమ్మలు గారూ.”

చిన్నమ్మలు చేతిలోని టేపు బల్ల మీద పెట్టింది. మొహంలోకి నెత్తురంతా వచ్చేసింది. నవ్వేసి ఊరుకుంటే సరిపోతుంది. అలా తప్పించుకోవడం ఎలాగూ ఆమెకి అలవాటే.

“ఆ పిల్ల ఏ రంగైనా కట్టుకోవచ్చండి హేమ గారూ. మొదటినుంచీ కట్టుకోవచ్చు. వాళ్ళలో నాలుగు నెలల పది రోజులే. ఆ సంగతి నాకు ఆరోజే తెలుసు.”

“తెలిస్తే మరి… అంతమందిలో ఎందుకన్నారండీ?”

“కుళ్ళుతో అన్నానండి. ఆ పిల్ల నవ్వు చూడలేక అన్నాను. ఆ పిల్ల గుడ్డ పాడుచేసింది కూడా అందుకే.” చిన్నమ్మలు ముగ్గురి మొహాలూ ఒక్కొక్కటిగా చూసింది. పందొమ్మిదేళ్ళు కాపాడుకున్నది ఆ ముగ్గురి కళ్ళలోంచి జారిపోవడం ఆమెకి కనబడుతూనే ఉంది. “ఆరోజు నేనన్నది ఊరంతా చెప్పేరు కదండీ. ఇది కూడా చెప్పండి. ఎవర్నీ వదలకుండా చెప్పండి.”

హేమ గారు బల్ల మీద పెట్టిన జాకెట్టు గుడ్డని తీసి నెమ్మదిగా సంచిలో పెట్టుకుని, మిగతా ఇద్దరినీ వెంటబెట్టుకుని మెట్లు దిగిపోయారు.